వెల్లకిలా పడ్డ ప్యానెల్

ఆరో నెల, గాజుల వేడుక మర్నాడు

పెరటి లాగ్‌లో ప్యానెళ్ళ సంగతి తప్ప సొంత మాటలు రాయకూడదని ఊరి కమిటీ వాళ్ళు మొదట్లోనే హెచ్చరిక పెట్టారు. మనుషుల సంగతి ఎత్తకుండా ప్యానెళ్ళ సంగతి ఎలా రాయాలో వాళ్ళే వచ్చి చూపిస్తే నేర్చుకుంటాను. అందాకా నా ఇష్టం. నా పేరు కోటేశ్వరి. ఎర్రపాడులో పురిటింటి పెరడు, అందులోని ప్యానెళ్ళు, బ్యాటరీలు నా పూచీ.

నిన్న మా హైమకి గాజులు వేశారు. హైమ నా చెల్లెలి కూతురు. చెల్లెలు అవతలి లోయలో ఉంటుంది, చలికాలం ఆ దారి మూసేస్తారు. కాబట్టి కాన్పయ్యేదాకా దీనికి అమ్మనీ అమ్మమ్మనీ అన్నీ నేనే.

భూమ్మీద గాజులు చేతికి వేస్తారు. ఇక్కడ ఇంటికి వేస్తాం. పురిటింటి చుట్టూ, పెరడంతా కలుపుకుని, నేల మీద ఒక పెద్ద చక్రం ఉంటుంది. ప్రతి ఇంటివాళ్ళూ ఒక తీగ చుట్ట తెచ్చి అందులో కలుపుతారు. అదే గాజు. దాన్ని బాగా చల్లబరిచి ఒకసారి కరెంటు ఎక్కిస్తే ఇక తిరుగుతూనే ఉంటుంది. అన్ని గాజులూ కలిసి ఇంటి మీద అయస్కాంతపు గొడుగు పడతాయి. ఆకాశంలోంచి వచ్చిపడే విషపు రేణువుల్ని ఆ గొడుగు పక్కకి తోసేస్తుంది. భూమికి అలాంటిది పుట్టుకతోనే ఉంది. కుజుడికి లేదు, మేమే పట్టాలి.

హైమకి మొదటి బిడ్డ దక్కలేదు. అప్పుడు ఊరు చిన్నది, గాజులు తక్కువ. సూర్యుడి మీద తుఫాను లేచిందని కబురొస్తే, ఈ గొడుగు చాలదని హైమని మంచు తవ్వే సొరంగంలోకి దించారు. సొరంగం నిండా ఉప్పు దుమ్ము. అది పీల్చి హైమ చావు తప్పి బయటపడింది గానీ కడుపులో బిడ్డ నిలవలేదు. అందుకే ఈసారి ఇంటికి రెండేసి గాజులు తెచ్చారు. ఊరి పెద్ద భవానమ్మ మూడు తెచ్చి, అందరూ చూస్తున్నారని నమ్మకం కుదిరాకే ఒక్కొక్కటీ కలిపింది. ఆవిడ తుమ్మినా పదిమంది చూడాలి.

గొడుగు మేస్త్రి యోహాను కరెంటు ఎక్కించాడు. నా పనిముట్ల సంచిలో మర్చిపోయిన ఇనప మేకు ఒకటి సంచి చించుకుని ఎగిరి చక్రానికి అతుక్కుంది.

“కోటక్కా, పళ్ళకి ఇనప తొడుగులు గానీ ఏపిచ్చుకున్నావా? ఎనక్కి జరుగు, మూతి పోయిద్ది,” అన్నాడు.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంత గట్టి గొడుగు ఎర్రపాడులో ఇంతవరకూ ఎవరికీ పట్టలేదు. సాయంత్రం చూస్తే బ్యాటరీలు పూర్తిగా నిండలేదు. అంతమంది తిరిగారు కదా, దుమ్ము లేచి ఉంటుంది. పొద్దున్నే తుడవాలి.

ఆరో నెల, చలి ముదిరింది

తుడిచాను. మళ్ళీ తుడిచాను. నా భుజాలు పడిపోయాయి గానీ బ్యాటరీలు నిండలేదు.

పురిటింటి కరెంటుని ఊరి కరెంటుతో కలపరు. ఒకప్పుడు ఊరి లైను పోయి ఇక్కడ గాలి మిషను ఆగిందట, అప్పటినుంచి అది కట్టుబాటు. ఈ పెరట్లో ప్యానెళ్ళే పగలు బ్యాటరీలు నింపాలి, ఆ బ్యాటరీలే తెల్లారేదాకా గాలినీ వెచ్చదనాన్నీ ఇవ్వాలి. చలికాలం సూర్యుడు తలెత్తడు. దక్షిణం గట్టు మీద పాక్కుంటూ పోతాడు. ఆయనకి ఎదురుగా ఉండాలని ప్యానెళ్ళని దాదాపు నిటారుగా నిలబెడతాను. ఏటా ఇదే పద్ధతి, ఏటా బ్యాటరీలు నిండేవి.

ఎర్రపాడులో ఏం చెడినా దుమ్మే. పంపు ఆగితే దుమ్ము, తలుపు బిగుసుకుంటే దుమ్ము, మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోకపోయినా దుమ్మే. నేనూ ఈ ఊరిదాన్నే కాబట్టి ఇంకో ఆలోచన రాలేదు. ఎవరి దుమ్మా అని చూస్తే కేశవులు దొరికాడు.

కేశవులు హైమ మొగుడు. సొరంగంలో మంచు తవ్వుతాడు. ఒంటి నిండా ఉప్పు దుమ్ము కాబట్టి పురిటింట్లోకి రానివ్వరు. రోజూ డ్యూటీ దిగి, పెరట్లో అద్దం బయట కూర్చుని, సూటు రేడియోలో పెళ్ళాంతో కబుర్లు చెబుతాడు. ఇవాళ వాడి మీద విరుచుకుపడ్డాను.

“నీ బూట్ల దుమ్మంతా నా ప్యానెళ్ళ మీదే పడతంది. రేపట్నించి చక్రం అవతలే కూచో.”

“అవతల కూచుంటే దాని మొహం కనపడదు గదత్తా.”

“మొహం తర్వాత చూడొచ్చులే. ముందు దాన్ని వెచ్చగా ఉండనీ.”

వాడు లేచి వెళ్ళి చక్రం అవతల కూర్చున్నాడు. అక్కణ్ణించే చెయ్యి ఊపాడు. హైమ కూడా చెయ్యి ఊపింది గానీ సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. బ్యాటరీలు నిన్నటికంటే ఇంకాస్త కిందే ఆగాయి.

ఏడో నెల

దుమ్ము కాదు. పాపం కేశవులు.

పొద్దుణ్ణించీ మీటరు పట్టుకుని పెరట్లోనే ఉన్నాను. ప్యానెల్ మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది, దాంతో పాటు వోల్టేజీ కూడా కాస్తో కూస్తో దిగుతుంది. ఇక్కడ కరెంటు బాగా పడిపోయింది. వోల్టేజీ దిగలేదు సరికదా, ఒక పిసరు ఎక్కువే చూపిస్తోంది. ఇంకో వింత ఉంది. పొద్దున్నే, చలి కొరికేస్తున్నప్పుడు, నష్టం ఎక్కువ. మధ్యాహ్నం ప్యానెళ్ళు కాస్త వేడెక్కాక నష్టం తగ్గుతోంది. చల్లటి ప్యానెలే బాగా పనిచేస్తుందని ఇన్నాళ్ళూ అందరికీ చెబుతూ వచ్చాను. అయినా దుమ్ముకి పొద్దునా మధ్యాహ్నం అని తేడా ఏముంటుంది?

యోహానుని పిలిపించాను. మీటరు చూశాడు, చక్రం చూశాడు, గడ్డం గోక్కోబోయి హెల్మెట్ గోక్కున్నాడు.

“కోటక్కా, ఇది నా గొడుగు పనే.”

“నీ గొడుక్కీ నా ప్యానెళ్ళకీ ఏం పగయ్యా?”

“పగేం లేదు. ఎండ పడితే సిలికాన్‌లో కరెంటు రేణువులు లేస్తయ్. అయి పలక మందంలో అడ్డంగా నడిచి, ముందున్న తీగలోనో ఎనకున్న రేకులోనో పడాలి. దారిలో అయస్కాంతం పట్టుకుంటే పక్కకి తోసుద్ది. దారి వంకర పోయిద్ది, పొడుగైపోయిద్ది. శానా రేణువులు తీగ దాకా రాకుండా మధ్యలోనే అణిగిపోతయ్.”

“మరి పొద్దున్నే ఎందుకెక్కువ?”

“చలికి రేణువులు హుషారుగా ఉరుకుతయ్. ఉరికేదాన్నే అయస్కాంతం ఎక్కువ తోసుద్ది.”

“ఇన్నేళ్ళూ లేదే ఈ గోల!”

“ఇన్నేళ్ళూ ఇన్ని గాజులు యాడున్నయ్? పైగా హైమకి తగలకూడదని ఇంట్లో పల్చగా, పెరట్లో గట్టిగా ఉండేట్టు చుట్టా. ఆ గట్టిదంతా నీ ప్యానెళ్ళ నెత్తినే ఉంది.”

ఊరంతా ప్రేమకొద్దీ రెండేసి, మూడేసి గాజులు తెచ్చి ఈ పిల్ల కరెంటుని తీసేశారన్నమాట. ఎవర్ని తిట్టాలో కూడా తెలియలేదు.

డాక్టరమ్మ షహనాజ్‌కి చెబితే ఆవిడ మొహం ముడుచుకుంది. తుఫాన్ల కాలం దగ్గర పడుతోంది, సూర్యుడి మీద మచ్చలు పెరుగుతున్నాయి, గొడుగు తగ్గించే మాట వినాలని ఆవిడకి లేదు.

“బ్యాటరీ ఎర్ర గీత కిందికి దిగితే మాత్రం నేనీడ ఉంచలేను కోటక్కా. గాలి మిషను ఆగితే తల్లీ ఉండదు, బిడ్డా ఉండదు. సొరంగానికి మార్చాల్సిందే.”

వెనక మంచం మీద హైమ ఉందన్న సంగతి ఇద్దరం మర్చిపోయాం. అది అరవలేదు, ఏడవలేదు.

“సొరంగంలోకి నేను దిగను పెద్దమ్మా,” అంది, అంతే.

నా చెయ్యి పట్టుకుంది. దాని వేళ్ళు చల్లగా ఉన్నాయి. వెచ్చదనం అప్పటికే తగ్గించేశాం కదా. నాకు భయం వేసింది. రాసుకోవడానికి సిగ్గేం లేదు, చాలా భయం వేసింది.

ఏడో నెల, ఊరి మీటింగు అయ్యాక

మీటింగులోంచి నేరుగా వచ్చి లాగ్ తెరిచాను. రాస్తే బాధ తగ్గుతుందేమో.

హాల్లో ఊరంతా చేరింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సగం గాజులు ఆపేస్తే పెరట్లో కరెంటు కోలుకుంటుందని అన్నాను. మళ్ళీ అవి ఎక్కించడానికి ఎన్నాళ్ళు పడుతుందని ఎవరో అడిగారు. ఇప్పుడున్న కొద్ది కరెంటుతో వారం పైనే పడుతుందని, తుఫాను కబురు అంత ముందుగా రాదని యోహాను నిజమే చెప్పాడు. ఊరి లైను ఇవ్వమని అడిగితే, మంచు కరిగించే మిల్లుకే కరెంటు చాలడం లేదన్నారు. అదీ నిజమే. ఇక ఎటూ దారి లేక నా మాటే మళ్ళీ పట్టుకున్నాను, కొన్నయినా ఆపుదాం అని.

భవానమ్మ లేచింది.

“మొగుడు పోయిన మనిషివి. కడుపుతో ఉన్న పిల్ల గాజులు తియ్యమనడానికి నీకు నోరెట్టా వచ్చిందే కోటేశ్వరీ?”

రాకెట్‌లో తలా ఒక సంచికే బరువు చాలదని ఎన్నో వదిలేసి వచ్చాం. ఆ మాట మాత్రం ఎవరో ఒకరు సంచిలో జాగ్రత్తగా మడిచి పెట్టుకునే వచ్చారు.

మా ఆయన సుబ్బారాయుడు ఇక్కడికొచ్చిన మొదటి చలికాలంలోనే పోయాడు. ఈ పెరట్లో మొదటి వరస ప్యానెళ్ళు ఆయన పెట్టినవే. ఊళ్ళో ఎవరితోనైనా పోట్లాడగలను, నా నోటికి భయపడి కమిటీవాళ్ళు పక్క సందులోంచి పోతారు. ఇవాళ మాత్రం ఏడుపొచ్చింది. హెల్మెట్ పెట్టుకుని బయటికొచ్చేశాను. హెల్మెట్ లోపల ఏడిస్తే తుడుచుకోవడం కుదరదు.

ఏడో నెల చివర

ఇవాళ జరిగింది కుదురుగా రాయాలి, ఎందుకంటే రేపు ఎవరైనా అడుగుతారు.

ఏదైనా ప్యానెల్ మొత్తానికే చెడిపోయి మిగతావాటిని లాగేస్తోందేమోనని, ఒక్కొక్కటీ విడదీసి మీటరు పెట్టి చూస్తూ వెళ్ళాను. అన్నీ ఒకే తీరు ఏడుపు. చివరి వరసలో ఒక ప్యానెల్ గాజుల వేడుక నాటి తొక్కిసలాటలో స్టాండు విరిగి వెల్లకిలా పడిపోయింది. ఆకాశం వంక చూస్తూ పడుకుని ఉంది. లేపుదాం లేపుదాం అనుకుంటూనే బద్ధకించాను. సూర్యుడు ఎక్కడో దిగువన ఉంటే, దాని మీద ఎండ ఏటవాలుగా రాసుకుంటూ పోతోంది. దాన్ని చూడ్డం దండగ అనుకుంటూనే మీటరు పెట్టాను.

నిలబడ్డవాటి కంటే ఒక పిసరు ఎక్కువ ఇస్తోంది!

మీటరు చెడిందనుకున్నాను. మార్చి పెట్టాను. అదే లెక్క. పక్కనున్న ప్యానెల్‌ని స్టాండు విప్పి నెమ్మదిగా వెల్లకిలా పడుకోబెట్టాను. ఎండకి ఎడమొహం పెట్టిన ప్యానెల్‌లో కరెంటు తగ్గాలా, పెరగాలా? పెరిగింది.

యోహాను పరిగెత్తుకొచ్చి నా పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు.

“పెరట్లో గొడుగు కిందికీ పైకీ నిలువుగా ఉంది కోటక్కా. నిలబడ్డ ప్యానెల్‌లో రేణువులు దానికి అడ్డంగా నడవాలి, అందుకే తోపులాట. పడుకున్నదాంట్లో అయి కూడా నిలువుగానే నడుస్తయ్. గొడుగు ఎటు పోతందో అటే. ఎవుడు తోస్తాడు?”

“మరి ముందే చెప్పి చావలేకపోయావా?”

“నాకు గొడుగు సంగతే తెలుసు. నీ ప్యానెళ్ళు నిలబడతయ్యో పడుకుంటయ్యో నేనెప్పుడు చూశా?”

నేనూ అంతే. ప్యానెల్ అన్నది ఎండకి ఎదురుగా నిలబడాలని ఇన్నేళ్ళూ అడ్డంగా నమ్మాను. అన్నిటినీ పడుకోబెట్టాం. కానీ సంబరం సాయంత్రం దాకే. అయస్కాంతం తినేది తప్పింది గానీ ఏటవాలు ఎండ వల్ల వచ్చే నష్టం కొత్తగా తగిలింది. బ్యాటరీ ఎర్ర గీతకి కొద్దిగా పైన ఆగింది. చలి ఇంకా పెరుగుతుందంటున్నారు.

ఎనిమిదో నెల

హైమ నాకు అన్నం పెడతానంది. పురిటింట్లో ఉండేదాన్ని పని చెయ్యనివ్వకూడదని డాక్టరమ్మ కోప్పడుతుంది గానీ, అది వింటుందా? అద్దాల వసారాలో నా కంచంలోనే వడ్డించింది.

ఆ కంచం సంగతి చెప్పాలి. మా పెళ్ళికి మా అమ్మ కొనిచ్చింది. కొట్లో మిషనుతో చుక్కలు చుక్కలుగా పేర్లు చెక్కించింది: కోటేశ్వరి, సుబ్బారాయుడు. ఆయన జాతకంలో కుజదోషం ఉందని మా వాళ్ళు ముందు ఒప్పుకోలేదు. ఆఖరికి ఇద్దరం కుజుడి మీదికే వచ్చి కాపరం పెట్టాం. నా సంచిలో బరువు మిగిలితే అదొక్కటే పెట్టుకున్నాను. ఆయన పేరు రాసి ఉన్న వస్తువు నా దగ్గర ఇంకొకటి లేదు.

తినేసి కంచం పక్కన పెట్టాను. హైమ దాన్ని తుడుస్తూ అటూ ఇటూ తిప్పుతోంది. దిగువ ఎండ కంచానికి తగిలి, వెలుగు బిళ్ళ ఒకటి పైకప్పు మీద, గోడ మీద ఎగిరింది. చిన్నప్పుడు అందరం ఆడిన ఆటే. హైమ నవ్వింది, చాలా రోజుల తర్వాత. వెలుగు బిళ్ళని నా మొహం మీద కొట్టింది, తర్వాత అద్దంలోంచి బయటికి, దగ్గర్లో పడుకున్న ప్యానెల్ మీదికి వేసింది. అక్కడే పట్టుకుని ఉండిపోయింది.

“పెద్దమ్మా, ఎండ దిగువనుందని నువ్వు బాధ పడతన్నావు గదా. దాన్ని ఇట్టా పట్టుకుని పై నించి పోస్తే?”

సూటు తొడుక్కునే హడావిడిలో సగం బొత్తాలు పెట్టడం మర్చిపోయాను. డాక్టరమ్మ వెనక నుంచి అరిచి ఆపకపోతే ఇవాళే సుబ్బారాయుడి దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని. మీటరు పెట్టాను. హైమ కంచం తిప్పినప్పుడల్లా ముల్లు లేచింది, పక్కకి తిప్పితే పడింది. ఒక్క కంచానికే! అయస్కాంతం కరెంటు రేణువుల్ని తోస్తుంది గానీ వెలుగుని ఏం చెయ్యలేదు. ప్యానెళ్ళని పడుకోబెట్టి, వాటి వెనకాల కంచాల్ని వాలుగా నిలబెడితే, ఎండ వాటికి తగిలి ప్యానెల్ మీద పడుతుంది.

ఎనిమిదో నెల, కంచాల రోజు

అద్దాలు ఎర్రపాడులో ఇంటికొకటి కూడా లేవు. స్టీలు కంచాలు మాత్రం ప్రతి ఇంట్లో ఉన్నాయి. ఎవరి పెళ్ళి కంచం వాళ్ళు సంచిలో పెట్టుకునే వచ్చారు. నేనొక్కదాన్నే పిచ్చిదాన్ని అనుకున్నాను ఇన్నాళ్ళూ.

అడగడానికి నేను వెళ్ళలేదు. మీటింగు తర్వాత ఎవరి గడపా తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను. కేశవులు ఇంటింటికీ తిరిగాడు. మధ్యాహ్నానికి చక్రం దగ్గర క్యూ కట్టారు. ఒక్కొక్కరూ కంచం మీది పేర్లు ఒకసారి తడిమి చూసుకుని ఇచ్చారు.

అక్కడొచ్చింది తంటా. మంచి స్టీలు అయస్కాంతానికి అతుక్కోదు. కల్తీదైతే లాగేస్తుంది. కొన్నప్పుడు కొట్టువాడు ఏం చెప్పాడో గానీ, చక్రం మాత్రం అబద్ధమాడదు. భవానమ్మ అరడజను కంచాలు తెచ్చింది, ఎవరికంటే తక్కువని! చక్రం దగ్గరికి రాగానే ఆరూ ఆవిడ చేతుల్లోంచి జారి టపటపా వెళ్ళి అతుక్కున్నాయి. ఊరంతా గొల్లుమంది.

“మా అత్తగారు పెట్టిన సామాను!” అని భవానమ్మ నోరు తెరిచింది. “అసలు స్టీలని ముప్పై ఏళ్ళు నెత్తిన పెట్టుకు మోశా!”

నవ్వాలనుకున్నాను, కసి తీరా నవ్వాలనుకున్నాను. ఆవిడ మొహం చూస్తే నవ్వు రాలేదు. ఆవిడ నా దగ్గరికొచ్చి, కంచాలు పనికి రాకపోతే తుడవడానికి తను పనికొస్తుందా అని అడిగింది. గుడ్డ ఇచ్చాను. క్షమించమని ఆవిడా అనలేదు, నేనూ అడగలేదు. చీకటి పడేదాకా ఇద్దరం పక్కపక్కనే తుడిచాం.

మొదటి వరసలో మొదటి ప్యానెల్ వెనక నా కంచం పెట్టాను. ఆయన పెట్టిన వరస అది. ఇవాళ బ్యాటరీలు నిండాయి. హైమకి వెచ్చదనం పెంచాం.

తొమ్మిదో నెల

కంచాలు పొద్దున్నే మంచు పట్టి, మధ్యాహ్నానికి దుమ్ము పట్టి మసకబారతాయి. మసకబారితే మీటరు పడిపోతుంది. కాబట్టి పూటపూటా తుడవాలి, మెత్తగా తుడిస్తే పోదు, బలంగా రుద్దాలి. ఈ నేల దుమ్ము గరుకు. రుద్దేకొద్దీ స్టీలు మెరుస్తోంది, చుక్కల అక్షరాలు అరిగిపోతున్నాయి.

నా కంచం మీద ముందు నా పేరు పోయింది. దాంతో నాకు పేచీ లేదు. నిన్న తుడుస్తుంటే ఆయన పేరు సగమే కనిపించింది. దాని బదులు ఇంకో కంచం పెట్టి, నాది లోపల దాచుకోవచ్చు కదా అనిపించింది. కానీ ఊళ్ళో కంచాలన్నీ ఇక్కడే ఉన్నాయి, ఒక్కటి తీస్తే ఒక ప్యానెల్‌కి తగ్గుతుంది. అందరివీ అరుగుతున్నాయి. నాది మాత్రం ఎలా దాచుకుంటాను? తుడిచాను.

తొమ్మిదో నెల, తుఫాను

నిన్న కబురొచ్చింది. ఊరంతా సొరంగంలోకి దిగింది. పురిటింట్లో హైమ, డాక్టరమ్మ, నేను మిగిలాం. ఆ కంగారుకో ఏమో హైమకి నొప్పులు మొదలయ్యాయి.

చక్రం అవతల కేశవులు నిలబడి ఉన్నాడు. అవతల గొడుగు లేదు.

“సొరంగంలోకి పో, సచ్చిపోతావ్!” అని రేడియోలో అరిచాను.

“పోను అత్తా.”

మొండోడు. వాడిని తిట్టే టైము లేదు. “అయితే బూట్లు దులుపుకుని లోపలికి రా. గుడ్డ తీసుకో. దాని మొహం కనపడే చోట నిలబడి తుడువు,” అన్నాను.

తెల్లారినప్పటినుంచీ ఇద్దరం తుడుస్తూనే ఉన్నాం. గొడుగు నిండుగా ఉంది, ఒక్క గాజు కూడా ఆపలేదు. లోపల డాక్టరమ్మ గొంతు, హైమ కేకలు. గాలి మిషను, వెచ్చదనం, దీపాలు అన్నీ ఒకేసారి కరెంటు లాగుతున్నాయి. ఒక్క కంచం మసకబారినా తెలిసిపోతోంది. కేశవులు మొదటి వరస దగ్గర ఆగిపోయాడు.

“అత్తా, ఈ కంచంలో మామ పేరు ఉంది. రుద్దితే పోయిద్ది.”

సూర్యుడు గట్టు చివర్న ఉన్నాడు. ఇంకాసేపట్లో దిగిపోతాడు, బ్యాటరీ ఇంకా నిండలేదు.

“పోనీలే,” అన్నాను. “గట్టిగా తుడువు.”

వాడు నా వైపు చూశాడు. తర్వాత వంగి గట్టిగా తుడిచాడు. ఎండ చివరిసారి ఆ కంచం మీద పడి ప్యానెల్ మీదికి దిగింది. మీటరు ముల్లు లేచింది. దీపాలు పెట్టేవేళకి లోపల్నుంచి పసిదాని ఏడుపు వినబడింది. కేశవులు అద్దానికి హెల్మెట్ ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను వాడి వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఆడపిల్ల.

తుఫాను వెళ్ళాక

కాన్పయింది కాబట్టి గాజులు ఇవాళ ఒక్కొక్కటీ ఆపారు. మొదటి గాజు ఆపడానికి భవానమ్మ నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

కంచాలు తీసుకెళ్ళమని అందరికీ కబురు పెట్టాను. ఒక్కదాని మీదా పేరు లేదు, అన్నీ ఒకేలా తళతళలాడుతున్నాయి. ఎవరిది ఏదో తెలియక కాసేపు దబాయించుకున్నారు, తర్వాత చేతికందింది పట్టుకుపోయారు. భవానమ్మ కంచాల మీద పేర్లు మాత్రం చెక్కు చెదరకుండా ఉన్నాయి. పాపం, అవి చూసుకుని ఆవిడ సంతోషించలేదు.

నాది మాత్రం అంచు దగ్గర సొట్ట వల్ల గుర్తు పట్టి హైమ దాచింది. పసిదాన్ని ఒళ్ళో పెట్టుకుని నాకు అందులోనే అన్నం పెట్టింది. మళ్ళీ చెక్కిస్తానన్నాడు కేశవులు. వద్దన్నాను. తింటున్నంతసేపూ బొటనవేలు అక్షరాలుండే చోటికే పోయింది. నున్నగా ఉంది.

పెరడు లెక్క: బ్యాటరీలు నిండి ఉన్నాయి. ప్యానెళ్ళని రేపు మళ్ళీ నిలబెడతాను. కమిటీవాళ్ళకి: ఈ లాగ్‌లో సొంత మాటలన్నీ కొట్టేసుకోండి, నాకేం బాధ లేదు. ఈ ఒక్కటి ఉంచండి. మొదటి వరస, మొదటి కంచం: కోటేశ్వరి, సుబ్బారాయుడు.